బాలిక పెదవిపై నూగు

బాలుని పెదవిపై నూనూగు మీసము పొడసూపినచో ఇంటిల్లిపాదియు మురియుదురు. ఆ నూగే బాలిక పెదవిపై కానవచ్చినచో తల్లి దిగులుపడును, తోటివారు నవ్వుదురు. వెండ్రుక ఒకటే, తీర్పులు మాత్రము రెండు.

2024 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశమున పదవ తరగతి పరీక్షలలో 98.5 శాతము మార్కులతో ప్రథమస్థానము పొందిన బాలిక ఛాయాచిత్రము వెలువడినది. అనేకులు ఆమె విద్యను విడిచి, ముఖముపైని వెండ్రుకలను ఎత్తిచూపి పరిహసించిరి. ఇది ఎక్కడనో జరిగిన వింత యనుకొనుట పొరపాటు. దోమ మండలమందలి పల్లెబడిలోనైనను, తాండూరు పట్టణపు కళాశాలలోనైనను ఇట్టి నవ్వునకు చోటు దొరకుట కష్టము కాదు.

ఆ నవ్వు అజ్ఞానము వలన పుట్టినది. ఆండ్రోజనులనబడు హార్మోనులు పురుషులకే సొత్తు కావు. స్త్రీల అండాశయములును, మూత్రపిండములపైనుండు ఎడ్రినల్ గ్రంథులును వానిని కొలదిగా తయారుచేయుచునే యుండును. అవి మితిమీరినపుడో, వెండ్రుకల కుదుళ్లు వానికి అధికముగా స్పందించినపుడో, గడ్డము, పైపెదవి, ఱొమ్ము, పొట్టలపైని మెత్తని నూగు ముదిరి నల్లని వెండ్రుకలగును. సంతానయోగ్యమైన వయస్సులోనున్న స్త్రీలలో నూటికి 5 మొదలు 10 మంది వరకు ఈ స్థితి కలదు. వీరిలో పెక్కుమందికి కారణము పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. 1935లో చికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ దీనిని వర్ణించిరి. ఇందు ఇన్సులిన్ సరిగా పనిచేయక రక్తమున పెరిగి, అండాశయములచే మరింత ఆండ్రోజనును తయారుచేయించును. కొందరికి ఎడ్రినల్ దోషములు, కొన్ని మందులు, అరుదుగా కణుతులు కారణమగును. మరికొందరికి ఏ రోగమును లేదు. అది వంశలక్షణము మాత్రమే.

కావున ఆ వెండ్రుక కొన్నియెడల శరీరము పంపిన జాబు. నెలసరి తప్పుట, మొటిమలు, బరువు పెరుగుట దానితో కూడినచో ఆ జాబును చదువవలెను. చదువనిచో మున్ముందు మధుమేహము, సంతానలేమి, గర్భాశయపు లోపలి పొరకు క్యాన్సరు వచ్చు అవకాశములు పెరుగును. వెండ్రుకలు హఠాత్తుగా దట్టమై కంఠస్వరము బొంగురుపోయినచో ఆలస్యము కూడదు.

మన యిండ్లలో పసుపు, సున్నిపిండి నలుగు ఉండనే యున్నవి. అవి ఒంటికి హాయినిచ్చునే గాని రక్తములోని హార్మోనులను సరిచేయజాలవు. గీసినచో వెండ్రుక మందమగునన్న మాటయు నిజము కాదు. మొన తెగుటచే అట్లు తోచును. వ్యాయామము, బరువు తగ్గించుకొనుట, వైద్యుడిచ్చు మాత్రలు, లేజరు చికిత్స ఫలమిచ్చును. అయితే మాత్రల గుణము కనబడుటకు సుమారు ఆరు నెలల ఓర్పు కావలెను. వెండ్రుకలను తీసివేయుటయో, ఉంచుకొనుటయో ఆమె యిష్టము. కారణము తెలిసికొనుట ఆమె హక్కు.

వైద్యము మునుపటంత దూరము కాదు. 2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వము స్త్రీలకై ఆరోగ్య మహిళ కార్యక్రమమును ఆరంభించినది. ఆ యేడే వికారాబాదున ప్రభుత్వ వైద్య కళాశాల వెలసినది. కాని నవ్వులకు వెఱచి, చున్నీతో మోము కప్పుకొని చివరి బల్లపై ఒదిగి కూర్చున్న బాలిక వైద్యుని గడప త్రొక్కునా? తల్లితోనైన చెప్పుకొనునా? పరిహాసము ఆమె మనస్సును నొప్పించుటయే గాక, చికిత్సకు దారిని మూసివేయుచున్నది. ఇదియే అన్నింటికన్న పెద్ద కీడు.

ఆ దారిని తెరువగలవాడు ఉపాధ్యాయుడు. కౌమారదశను గూర్చిన పాఠము వచ్చినపుడు సిగ్గుపడి పుటలు త్రిప్పక, బాలురకును బాలికలకును ఒకేచోట, ఒకే గాంభీర్యముతో బోధింపవలెను. హార్మోనుల పేర్లు వల్లించి పరీక్షలో మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి, బడి వెలుపల తోటి బాలికను చూచి నవ్వినచో, ఆ పాఠము అతనికి ఇంకను రానట్లే.