బండికెంత బరువు?

పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ ఆరా తీస్తాం. ఇల్లు కొనేటప్పుడు దస్తావేజులు నలుగురికీ చూపిస్తాం. అదేం చిత్రమో గాని, లక్షలు పోసి సామాన్ల బండి కొనేటప్పుడు మాత్రం "ఏది ఎక్కువ మోస్తుంది?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటాం.

ఈ సంగతి నేర్చుకోవడానికి అఫ్జల్‌గంజ్‌ను మించిన బడి లేదు. అయిదో నిజాము అఫ్జలుద్దౌలా పేరిట వెలసిన గంజి ఇది. ఒక పక్క నయాపూల్, మూసీ, ఉస్మానియా ఆసుపత్రి. మరో పక్క ఉస్మాన్‌గంజ్, సిద్ధిఅంబర్ బజారు, బేగంబజారు. ఉదయం పూట ఓ గంటసేపు నిలబడితే చాలు, తోపుడు బండి మొదలు లారీ దాకా చక్రాలమీద నడిచే ప్రతి మోతా మీ కళ్ళ ముందునుంచి పోతుంది.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి కనుక నా దృష్టి ముందు పేర్ల మీదికి పోతుంది. 2005లో వచ్చిన టాటా ఏస్‌ను మనవాళ్ళు ఆ పేరుతో పిలవనే పిలవరు. అది "ఛోటా హాథీ". మధ్యరకం లారీ ఏ కంపెనీదైనా సరే, ఇక్కడ "డీసీఎం". 1980ల్లో జపాను కంపెనీల పొత్తుతో మన దేశంలో చిన్న లారీలు తయారైనప్పుడు డీసీఎం టొయోటా వాటిలో ఒకటి. మన హైదరాబాదు ఆల్విన్ వారు కూడా నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో అలాంటి బళ్ళే చేశారు. ఆ కార్ఖానా తరువాత మహీంద్రా వారి చేతికి వచ్చింది. డీసీఎం టొయోటా పోయి చాలా కాలమైంది. పేరు మాత్రం హమాలీల నోట నిలిచింది.

ఇక అసలు విషయం. మా కాలేజీలో చదివిన అబ్బాయి ఒకడు తండ్రి పోయాక వ్యాపారం అందుకొన్నాడు. ఉస్మాన్‌గంజ్‌లో బియ్యం ఎత్తి, చుట్టుపక్కల బస్తీల్లోని కిరాణా కొట్లకు చేరవేయడం వాడి పని. ఇన్నాళ్ళూ ట్రాలీ ఆటోలు కిరాయికి పెట్టుకొన్నాడు. ఇప్పుడు సొంత బండి కావాలి. ముందుగా కట్టవలసిన సొమ్ముకు తల్లి చేతి గాజులు కుదువ పెట్టాలి. ఛోటా హాథీయా, లేక టన్నున్నర పైన మోసే బొలేరో పికప్పా అన్నది ప్రశ్న.

"పెద్దది తీసుకుంటే మంచిగుంటది కద సార్! పండుగలప్పుడు వంద బస్తాలు పోతయి" అన్నాడు.

"పండుగలు సరే, మామూలు రోజుల్లో ఎన్ని?" అన్నాను.

నోటుపుస్తకం తీశాడు. మామూలు రోజున నలభై బస్తాలు. బస్తా 26 కిలోలు. (2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న బియ్యం ప్యాకెట్ల మీద పన్ను పడ్డ తరువాత చాలా మిల్లులవారు 26 కిలోల బస్తాకు మారారు.) అంటే రోజుకు 1,040 కిలోలు.

మీరెప్పుడైనా గమనించారో లేదో, సామాన్ల బండి పక్కన రెండు అంకెలు రాసి ఉంటాయి. యు.ఎల్.డబ్ల్యు. అంటే ఖాళీ బండి బరువు. ఆర్.ఎల్.డబ్ల్యు. అంటే సరుకుతో సహా ఉండదగిన మొత్తం బరువు. రెంటికీ గల తేడాయే బండి మోయవలసినది. ఇందులో ఒక కిటుకు ఉంది సుమండీ. చట్టం ప్రకారం ఖాళీ బరువులో డ్రైవరు, సహాయకుడు చేరరు. వాళ్ళిద్దరి 140 కిలోలూ మన లెక్కలోంచే పోతాయి. ఛోటా హాథీ సుమారు 750 కిలోలు మోస్తుందనుకొంటే మిగిలేది 610. అంటే 23 బస్తాలు. తేడా 1,300 ఉన్న బండికయితే 44 బస్తాలు.

"చిన్న బండిలోనే నలభై వేసేస్తరు సార్ అందరు. ఇంకో రెండు కమాను పట్టీలు వేయిస్తే అయిపాయె" అన్నాడు వాడు.

కమాను పట్టీలు వేయిస్తే బండి వెనక భాగం కుంగదు, నిజమే. కాని బ్రేకులు మారలేదు, టైర్లు మారలేదు, ఇరుసు మారలేదు. నలభై బస్తాలూ ఇద్దరు మనుషులూ కలిస్తే 1,180 కిలోలు. 430 కిలోలు అదనం. బరువు పెరిగిన కొద్దీ బ్రేకు అరగదీయవలసిన ఊపు పెరుగుతుంది. నయాపూల్ మీద ముందు బస్సు ఆగినప్పుడు మనది ఆగుతుందా అన్నది పట్టీలు తేల్చే సంగతి కాదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీవారు మొదట అడిగేదీ ఆ అంకెల గురించే.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు పికప్ కొన్నప్పుడు కూడా ఇదే పేచీ వచ్చింది. అక్కడ దాన్ని "అరటన్ను బండి" అంటారు గాని అది మోసేది అంతకన్నా ఎక్కువే. మన డీసీఎం లాగే పేరు పాతది, సరుకు కొత్తది. వాళ్ళు బండి వెనక ట్రెయిలరు తగిలించి పడవలు లాగుతారు. ట్రెయిలరు బరువులో పది పదిహేను శాతం కొక్కెం మీద పడుతుంది. అదీ బండి మోసే లెక్కలోదే. ఎక్కడికి పోయినా కూడిక ఒకటే.

చట్టం గీసిన గీతలు మరి రెండున్నాయి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిటు అక్కర్లేదు. 7,500 కిలోల లోపు రవాణా బండిని మామూలు కారు లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. కొనేవాళ్ళు ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

అంతవరకు ఊరకున్న తల్లి అప్పుడడిగింది: "సారూ, ఏ బండి తన కిస్తీ తనే కట్టుకుంటది?"

ఇంత గ్రంథం నడిపినా నాకు తోచని ప్రశ్న అది. పెద్ద బండి రోజూ కొంత ఖాళీగా తిరుగుతుంది, కిస్తీ మాత్రం నిండుగా కట్టాలి. చిన్న బండి ఇరవై బస్తాల చొప్పున రెండు ట్రిప్పులు వేస్తే రోజు గడిచిపోతుంది. సంవత్సరంలో నాలుగు పండుగలకు డీసీఎం కిరాయికి తెచ్చుకోవచ్చు. పైగా నాలుగు మీటర్లు కూడా లేని ఛోటా హాథీ వాళ్ళ గల్లీలో తిరుగుతుంది. అయిదు మీటర్ల పికప్ తిరగక వెనక్కి రావాలి.

చిన్నదే కొన్నారు. తల్లి ఒక షరతు పెట్టింది: ఇరవై మూడో బస్తా తరువాత ఇంకొకటి ఎక్కించకూడదు. లెక్క రాసేది ఆవిడే. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. కిస్తీలు తప్పకుండా పోతున్నాయట.

ఈసారి ఇల్లు మారడానికి బండి మాట్లాడినప్పుడు, కిరాయి బేరానికి ముందు మీరూ ఒకసారి ఆ పక్కన రాసిన అంకెలు చదవండి. బీరువా, ఫ్రిజ్, బియ్యం డబ్బాలు, వాటిమీద ఎక్కి కూర్చొనే పిల్లలూ, అన్నీ కలిపి చూడండి.