పలకల కంటె ముందు

పటమటలో మేము నలుగురం విశ్రాంత ఉపాధ్యాయులం. నెలనెలా పింఛనులో కొంత తీసి, భద్రాచలం అడవులలో గుత్తికోయలని మనం పిలిచే కుటుంబాల పిల్లలకు పలకలు, దుప్పట్లు పంపుతున్నాము. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన పిమ్మట, జుడుంకూ మావోయిస్టులకూ నడుమ నలిగి తరలివచ్చినవారు వీరు. ఆ జుడుం రాజ్యాంగవిరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గుడిసెలు మాత్రం అడవిలోనే నిలిచిపోయాయి. అక్కడ షెడ్యూల్డు తెగవారు. ఇక్కడ ఆ ధ్రువపత్రం దుర్లభం.

ఒకనాడు కుండలో నీళ్లు చూపి పేరడిగాను. "ఏరు" అన్నదొక పాప. కాదమ్మా, నీరు అని దిద్దాను. కోయభాషలో నీటికి మాట అదేనని తరువాత తెలిసింది! భాషాప్రవీణ చదివిన నేను, మన 'ఏరు'కు తోబుట్టువైన మాటను తప్పని కొట్టివేశాను. ఆ పూట ఆ పాప మరి నోరు మెదపలేదు.

అందుచేత మిత్రులారా, పలకల సొమ్ములో సగం, రెండు భాషలూ తెలిసిన ఆ గూడెపు కుర్రవానికి జీతంగా ఇచ్చి పిల్లలకు చదువు చెప్పించాలని నా అభిప్రాయం. ఫొటోలో పడని ఖర్చుకు చందాలు రావని మా కోశాధికారి వాదన. చలికాలం దుప్పట్ల మాటేమిటని ఆయన నిలదీస్తే నావద్ద జవాబు లేదు. అయినా ఈ నెల నా వాటా జీతానికే.