చౌల్దారీ పెరగాలి, నాలాలు మిగలాలి



పెరుగుతున్న చిన్న ఊళ్ల గురించి తెలుగు పత్రికల్లో రాసేటప్పుడు సముద్రానికి ఇవతలున్న మా ఊళ్లు ఎవరికీ గుర్తు రావు. దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. మా ఊరు పల్లెతనం వదులుకుంటున్న ఈ సమయంలో ఒక మాట గట్టిగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ ద్వీపాల్లో ఎనభై శాతానికి పైగా అడవే. ఇల్లు కట్టుకోవడానికి దొరికే నేల చాలా కొద్ది. 2024 సెప్టెంబరులో మా రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీవిజయపురం అని పేరు మార్చారు. ఆ నగరం చుట్టూ సముద్రమూ కొండలూ అడవులూ. అందుకే నగరం రోడ్డు వెంట పాకుతూ వస్తోంది. గారాచర్మా 2001 జనగణన నాటికే పట్టణంగా నమోదైంది. 2015లో నగర మున్సిపల్ వార్డులు 18 నుంచి 24 అయ్యాయి. 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ ఇంటర్నెట్ కేబుల్ వచ్చింది. 2023లో ఏటా 50 లక్షల మంది ప్రయాణికులు వచ్చిపోగల విమానాశ్రయ టెర్మినల్ తెరిచారు. పర్యాటకం పెరిగితే పని పెరుగుతుంది, పని కోసం మనుషులు వస్తారు, వాళ్లకు ఇళ్లు కావాలి. గారాచర్మా, సిప్పీఘాట్ దాటాక ఆ ఇళ్లకు దొరికే చోటు మా ఊరు. కొబ్బరి, వక్క తోటల పక్కనే మేడలు లేస్తున్నాయి.

ఊరు పెరగడం నాకు సంతోషమే. మన వాళ్లు శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి ఓడెక్కి ఇక్కడికి వచ్చింది బతుకు బాగుపడాలనే. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల జనాభా 3,80,581. అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీ వైపు నుంచి వచ్చిన వాళ్లతో కలిసి, హిందీలో మాట్లాడుకుంటూ, ఒకరి పండక్కి ఒకరు వెళ్తూ బతుకుతున్నాం. కొత్తగా వచ్చే వాళ్లకూ ఇక్కడ చోటుండాలి. నా వాదన ఒక్కటే: నీళ్లు పారే దారులైన నాలాలనూ పల్లపు పొలాలనూ కప్పెట్టి ఊరిని పెంచకూడదు. ఎక్కడ కట్టొచ్చో, ఎక్కడ కూడదో పంచాయతీ ఇప్పుడే తేల్చాలి.

ఇక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయినా జనవరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్లకు కటకటే. వాలు నేల మీద పడిన వాన గంటల్లో సముద్రంలో కలిసిపోతుంది. ధనీఖారీ ఆనకట్ట మీద ఆధారపడిన నగరంలో రోజు విడిచి రోజు కూడా కుళాయి రాని వేసవులున్నాయి. నగరానికే చాలని నీళ్లు రేపు మనకు వస్తాయని ఏ ధైర్యంతో నమ్మాలి? మన నీళ్లు మన బావుల్లో ఉండాలి. బావిలో నీళ్లుండాలంటే నాలా పారాలి, వాన నీరు ఇంకడానికి పల్లం మిగలాలి. ఆ పల్లాన్నే మట్టితో నింపి ప్లాటు చేస్తే వానాకాలంలో పక్కవాడి ఇంట్లోకి నీళ్లు, ఎండాకాలంలో అందరి ఇళ్ల ముందూ ఖాళీ బిందెలు.

ప్రమాదం నీళ్ల దగ్గరే ఆగదు. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ వరి పొలాల్లోకి వచ్చిన సముద్రం ఈనాటికీ వెనక్కి పోలేదు. ఆ రోడ్డు మీద రోజూ తిరిగే మనకు వేరే పాఠం అక్కర్లేదు. ఇది దేశంలోనే భూకంపాల భయం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి. వదులు మట్టి పోసిన పల్లంలో మూడంతస్తులు లేపితే నేల కదిలిన రోజు ఆ ఇంట్లో వాళ్ల ప్రాణాలకు పూచీ ఎవరిది?

నా మాటకు రెండు అభ్యంతరాలు వింటున్నాను. ఒకటి, మా భూమి మేం అమ్ముకుంటే తప్పేమిటని. తప్పు లేదు. పిల్లల చదువుకో పెళ్లికో తోట అమ్మిన వాళ్లను నేను తప్పుపట్టను. కానీ నాలా ఏ ఒక్కరి సొత్తూ కాదు. పైవాడు దాన్ని మూస్తే కిందివాడు మునుగుతాడు. రెండోది, మున్సిపాలిటీలో కలిస్తే అన్నీ అవే వస్తాయని. విశాఖలో 2005లో గాజువాక పురపాలికనూ 32 గ్రామాలనూ మహానగర పాలికలో కలిపారు. మన బంధువులు చాలామంది ఉండేది అక్కడే. అక్కడ పూడ్చిన చెరువును ఏ కార్పొరేషనైనా తిరిగి తవ్వించిందా అని వాళ్లనే అడగండి. రోడ్డూ దీపమూ ఆలస్యంగానైనా వస్తాయి. పోయిన వాగు రాదు.

ఈ పని ఎవరు చేయాలి? మాకు శాసనసభ లేదు. పార్లమెంటులో ఉన్నది ఒక్క సభ్యుడు. సామాన్యుడు లేచి నిలబడి అడగగలిగిన చోటు గ్రామసభ ఒక్కటే. అక్కడికి మన తెలుగు వాళ్లు వచ్చేది తక్కువ, ఆడవాళ్లు రావడం మరీ తక్కువ. నీళ్లు మోసేది వాళ్లే కాబట్టి ముందు వాళ్లే రావాలి. హిందీ సరిగా రాకపోయినా ఫరవాలేదు, బిందె బాధ అందరికీ తెలుసు.

గ్రామసభలో మూడు తీర్మానాలు అడుగుదాం. ఊరి నాలాలన్నిటికీ సర్వే చేయించి హద్దురాళ్లు పాతించాలి. పల్లపు పొలాలను మట్టితో నింపడానికి అనుమతి ఇవ్వకూడదు. కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ వాననీటి ట్యాంకు తప్పనిసరి చేయాలి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఏడాదిలో పడే వాన సుమారు 2.8 లక్షల లీటర్లు. అయిదుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ రోజుకు 50 లీటర్లు చాలు. డిసెంబరులో నిండిన 5,000 లీటర్ల ట్యాంకు వంద రోజులు వస్తుంది. మేడ కట్టగలిగిన వాడికి ట్యాంకు ఖర్చు భారం కాదు.

పంచాయతీ ప్రధాన్‌గారికీ సభ్యులకూ నా విన్నపం: ప్లాట్లు పూర్తిగా అమ్ముడయ్యాక చేసే తీర్మానం ఎవరికీ పనికిరాదు. తోటి తెలుగువారికి నా మనవి: వచ్చే గ్రామసభకు ఇంటికొకరైనా రండి. వచ్చి ఈ మూడూ అడగండి, అడిగినవి పుస్తకంలో రాయించి సంతకం పెట్టించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చౌల్దారీ, దక్షిణ అండమాన్