వంటయిల్లు: మసాలా మొక్కజొన్న గింజలు

వానకాలము వచ్చినదన్న మొక్కజొన్న పొత్తుల కాలము వచ్చినట్లే. వీధి మూలను బొగ్గుల కుంపటి పెట్టుకొని, విసనకఱ్ఱతో విసరుచు పొత్తులు కాల్చి యిచ్చువారు మన యూళ్లన్నిటను కనబడుదురు. నిమ్మచెక్కను ఉప్పుకారములలో అద్ది కాలిన పొత్తుపై రుద్ది యిచ్చుట ఉత్తరదేశమునను మనయొద్దను ఒక్కటే పద్ధతి. కొన్ని సంవత్సరములుగా దీనికి తోడు మఱియొకటి బయలుదేరినది. సినిమాహాళ్లయొద్దను, రైల్వే స్టేషనులలోను, ఎగ్జిబిషన్లలోను ఆవిరిమీద ఉడుకుచున్న పసుపుపచ్చని గింజలను కాగితపు కప్పులో పోసి, వెన్నయు మసాలాయు కలిపి, చిన్న చెంచాతో అందించుచున్నారు. పిల్లలు ఆ బండిని చూచినచో అడుగు కదలరు. దానినే యింట చేయబోయి, "బజారు రుచి రాలేదే" యని చిన్నబుచ్చుకొను గృహిణులు పలువురు కలరు. లోపము సాధారణముగా మసాలాలో ఉండదు, గింజలో ఉండును.

మన చేలలో చిరకాలముగా పండించుచున్న మొక్కజొన్న వేఱు, స్వీట్ కార్నను పేర అమ్మునది వేఱు. రెండును అమెరికా ఖండమున పుట్టిన యొక్క జాతివే. అయితే మామూలు రకములో గింజకు చేరిన చక్కెర త్వరత్వరగా పిండిగా మాఱిపోవును. తీపి రకములలో ఆ మార్పు కుంటుపడుటచే చక్కెర చాలవఱకు చక్కెరగానే నిలుచును. 1953లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమునందలి జాన్ లాఫ్నన్ అను శాస్త్రజ్ఞుడు, ఎండినప్పుడు ముడుతలు పడిపోవు నొక రకపు గింజలో చక్కెర మిక్కిలి హెచ్చుగా నున్నదని ప్రకటించెను. నేడు బజారులో దొరకు అతితీపి రకములలో పెక్కు ఆ గుణము కలవియే.

ఈ భేదము తెలియక చేసిన వంట చెడును. తెలంగాణములో ఎండిన మక్కలను రాత్రి నానవేసి, చాలసేపు ఉడికించి, ఉల్లిపాయ, మిరపకాయలతో పోపుపెట్టి గుడాలు చేయుదురు. వానికి తీపిగింజ తగదు. గారెలకు అసలే తగదు. దానిలో నీరు హెచ్చు, పిండి తక్కువ. రుబ్బినచో జారైపోయి నూనెలో విడిపోవును. గారెలకు మన నాటు లేతపొత్తే కావలెను. అటులనే ముదిరిన నాటుపొత్తుతో ఈ మసాలాగింజలు చేసినచో నమలలేక దవుడలు నొప్పిపుట్టును.

ఇక ముఖ్యమైన సంగతి. పొత్తును చెట్టునుండి విఱిచిన క్షణమునుండి దాని తీపి తఱుగుటకు ఆరంభించును. పాతకాలపు తీపి రకములలో, 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఒక్క దినముంచినచో చక్కెరలో నూటికి 60 పాళ్లవఱకు పోవును. 0 డిగ్రీలవద్ద నుంచినచో పోవునది 6 పాళ్లే. అతితీపి రకములలో ఈ నష్టము మెల్లగా జరుగును గాని, జరుగక మానదు. 30 డిగ్రీలనగా మన వరండాలో వానకాలమునగూడ ఉండు వేడియే గదా! ఆదివారమున కొని, బుట్టలో పడవేసి, బుధవారమున ఉడికించి, "ఇందులో చక్కెర వేయవలసినది" అనుకొనుట యెంత పొరపాటో చూడుడు. కొన్ననాడే వండుకొనవలెను. కుదరనినాడు పైపొరలు తీయకయే రిఫ్రిజిరేటరులో నుంచవలెను.

కొనునప్పుడు పైపొరలు పచ్చగాను, కొననున్న పీచు గోధుమవన్నెగాను ఉన్న పొత్తును ఎన్నుకొనుడు. అంగడివాడు ఒప్పుకొన్నచో గింజను గోటితో నొక్కి చూడుడు. రసము చిమ్మినచో మంచిది; ముద్దవంటి పిండి వచ్చినచో ముదిరినది. పైపొరలు ఒలిచి, పలుచని కాగితము చుట్టి యమ్ము పొత్తులు అందముగా నుండును గాని, అవి ఎన్నినాళ్లవో చెప్పుట కష్టము.

పట్టణములలో గడ్డకట్టించిన గింజలు పొట్లములలో దొరకును. వీనిని మేము తక్కువగా చూడము. కోసిన కొలదికాలమునకే ఒకింత ఉడికించి గడ్డకట్టింతురు గనుక, నాలుగునాళ్లు ఎండలో తిరిగిన పొత్తుకంటె ఇవియే తీయగా నుండును. కాని ఒక హెచ్చరిక. ఒకమాఱు ఉడికినవే గదా యని పొట్లమునుండి తీసి అటులే తినరాదు. 2018లో ఐరోపాలోని అయిదు దేశములలో గడ్డకట్టించిన మొక్కజొన్నగింజలవలన లిస్టీరియా యను సూక్ష్మజీవి వ్యాపించి, 47 మంది జబ్బుపడినట్లును, వారిలో 9 మంది మరణించినట్లును లెక్క తేలినది. ఈ క్రిమి చలికి చావదు, వేడికి చచ్చును. గర్భిణీ స్త్రీలకు ఇది సోకినచో కడుపులోని బిడ్డకే ముప్పు. కావున ఈ గింజలను పచ్చివిగా సలాదులలో కలుపుట మానవలెను. పొగలు వచ్చునట్లు ఉడికించిన పిదపనే వాడవలెను.

నలుగురికి మూడు పొత్తులు చాలును. తీపిగింజ మెత్తనిది గనుక బొటనవ్రేలితో ఒలిచినచో చిదికిపోవును. పొత్తును పళ్లెములో నిలువబెట్టి, చాకుతో పైనుండి క్రిందికి కోయుడు. గింజలను చిల్లులపళ్లెములో పోసి, మరుగుచున్న నీటి ఆవిరిపై 5 లేక 6 నిమిషములు ఉంచినచో చాలును. ప్రెషరు కుక్కరులో పెట్టి మూడు కూతలు వేయించుట అలవాటైపోయినది. అది శనగలకు తగును గాని దీనికి కాదు. గింజ బిరుసు తగ్గి, రసము నిలిచియున్నప్పుడే దింపవలెను.

బజారు రుచి యిక్కడనే తప్పిపోవును. దింపిన గింజలలో తడి మిగిలినచో కారమంతయు నీటితో గిన్నె యడుగునకు జారిపోవును. కావున వేడి మూకుడులో వానిని అరనిమిషము కదిపి తడియార్చి, వెంటనే ఒకటిన్నర చిన్న చెంచాల వెన్న వేసి కలుపుడు. వెన్న ప్రతిగింజకును అంటిన పిమ్మట, అర చెంచా కారము, వేయించి దంచిన జీలకఱ్ఱపొడి అర చెంచా, ఎండుమామిడి పొడి పావు చెంచా, నల్ల ఉప్పు పావు చెంచా చల్లవలెను. నిమ్మరసము పొయ్యిమీద నుండగా పిండరాదు, చేదెక్కును. దింపి, వడ్డించుటకు ముందు అరచెక్క పిండుడు. బజారు చాట్ మసాలాను వాడువారు వేఱుగా ఉప్పు వేయకముందు రుచి చూడవలెను; అందులో ఉప్పు ముందే యుండును. కొత్తిమీర, సన్నగా తఱిగిన ఉల్లిపాయ మీ యిష్టము. జున్నుతురుము వేయువారును కలరు. మాకు అది రుచింపలేదు.

ఇంట చేయుటలో లాభమేమన, వెన్న వెన్నయే యగును. బండ్లమీద వెన్నపేర వాడునది కొన్నియెడల మార్గరీనుగా నుండును.

పసివాండ్ర విషయము మఱువరాదు. నాలుగేండ్లలోపు బిడ్డలకు గింజలు గింజలుగా పెట్టరాదు. ఉడికినవైనను గొంతున అడ్డుపడి ఊపిరి తిరుగక ప్రమాదము కలుగవచ్చును. మెదిపి, కారము లేక, వెన్నతో పెట్టుడు. పెద్దపిల్లలైనను కూర్చుండి తినవలెనే గాని, కప్పు చేతబట్టుకొని పరుగులిడరాదు.

మధుమేహము గలవారు దీనిని కూరగాయగా నెంచరాదు. నూఱు గ్రాముల తీపిగింజలలో పిండి, చక్కెరలు కలిసి సుమారు 19 గ్రాములుండును. సాయంకాలము ఒక కప్పు తిన్నవారు రాత్రి అన్నములో ఆ మేరకు తగ్గించుకొనుట యుక్తము.

గింజలు కోసిన తరువాత మిగిలిన బెండ్లను పాఱవేయకుడు. వానిని తుంటలు చేసి, రెండు గ్లాసుల నీటిలో పావుగంట మరిగించి వడకట్టినచో తీయని కమ్మని నీరు దిగును. మఱునాడు చారు కాచునప్పుడు మామూలు నీటికి బదులు దీనిని పోసి, మిరియాలు ఒకింత హెచ్చుగా వేయుడు.