గుమికికి ఏ అంకె?

మృదంగం వాయించడం నాకు రాదు. చిన్నతనంలో మా పెదనాన్నగారి పక్కన కూర్చుని ఆరు నెలలు సాధకం చేసి, వేళ్ళు వాచి, మానివేసినవాణ్ణి. అయినా ఆయన చేతిలోని నాదాన్ని కంప్యూటరులోకి ఎక్కించే పనిని నెత్తిన వేసుకున్నాను. ఆయనకు ఎనభై దాటాయి. ఎడమచేతి మణికట్టు మునుపటిలా తిరగడం లేదు. ఆయన కచేరీల క్యాసెట్లు ఇంట్లో ఉన్నాయి గాని, నాకు కావలసినవి కచేరీలు కావు, అక్షరాలు. త, ది, తొం, నం, చాపు, గుమికి... ఏది ఎత్తుకుంటే అది విడిగా పలకాలి. వాటితో రేపు మరెవరైనా కొత్త పాఠం కూర్చుకోగలగాలి.

అందుకు రెండు స్వేచ్ఛా సాఫ్టువేర్లను లినక్సు మీద ఎంచుకున్నాను. ఒకటి హైడ్రోజన్. ముందుగా రికార్డు చేసిపెట్టిన దెబ్బలను అడిగినప్పుడు వినిపించే డ్రమ్ శాంప్లరు ఇది. రెండవది రోజ్‌గార్డెన్. ఏ దెబ్బ ఏ క్షణాన పడాలో కాలక్రమంలో రాసిపెట్టుకునే సీక్వెన్సరు. ఈ రెండింటి మధ్యా నడిచేది మిడి భాష. ఆ భాషలో నాదం ఉండదు. "ఫలానా అంకె గల స్వరం, ఇంత బలంతో, ఇప్పుడు" అన్న కబురు మాత్రమే ఉంటుంది. దీన్ని గుర్తు పెట్టుకోండి, తరువాత పని పడుతుంది.

హైడ్రోజన్‌లోనే దరువులు రాసుకునే సదుపాయం ఉండగా ఇంకో సీక్వెన్సరు ఎందుకని అడగవచ్చు. కారణం తాళం. నేను వాడిన హైడ్రోజన్ ఒక అక్షరకాలాన్ని 48 భాగాలు చేస్తుంది. చతురశ్రానికి, తిశ్రానికి అది చక్కగా సరిపోతుంది. ఖండగతికి వచ్చేసరికి 48ని 5తో భాగించాలి, అది తెగదు. దెబ్బల మధ్య ఎడం 10, 9, 10, 9, 10 భాగాలుగా సర్దుకుంటుంది. నిమిషానికి 80 అక్షరాల నడకలో ఒక భాగమంటే దాదాపు 16 మిల్లీసెకన్లు. పెదనాన్నగారికి ఈ లెక్క చెప్పకుండానే వినిపించాను. "ఏరా, వీడికి కాలు బెణికిందా?" అన్నారు. రోజ్‌గార్డెన్ అదే అక్షరాన్ని 960 భాగాలు చేస్తుంది. ఖండానికి 192 చొప్పున నిశ్శేషంగా తెగుతుంది. మిశ్రానికీ సంకీర్ణానికీ అక్కడా శేషం మిగులుతుంది గాని, ఒక భాగం మిల్లీసెకనులోపే కనుక ఆ తేడా పెదనాన్నగారి చెవికీ అందలేదు. కాబట్టి కాలం రోజ్‌గార్డెన్‌ది, నాదం హైడ్రోజన్‌ది అని పంచాను.

పంచినంత సులువుగా కలపలేకపోయాను. మొదటి సాయంత్రమంతా నిశ్శబ్దం. రెండు కిటికీలూ తెరిచి ఉన్నాయి, రోజ్‌గార్డెన్‌లో గీత పరుగెడుతోంది, హైడ్రోజన్ ఉలకదు పలకదు. చివరికి తేలినదేమంటే, రోజ్‌గార్డెన్ మిడి కబుర్లను ఆల్సా దారిలో పంపుతోంది. హైడ్రోజన్ జాక్ దారిలో చెవి ఒగ్గి కూర్చుంది. హైడ్రోజన్ అభిరుచులలో మిడి డ్రైవరును ఆల్సాగా మార్చి, క్యూజాక్‌కంట్రోల్‌లో ఆల్సా పుటకు వెళ్ళి, ఎడమవైపు రోజ్‌గార్డెన్ నుంచి కుడివైపు హైడ్రోజన్‌కు గీత కలిపితే గాని మొదటి "తొం" వినబడలేదు. ధ్వని మాత్రం జాక్ దారిలోనే వెళ్ళాలి. కబురుకొక దారి, నాదానికొక దారి. ఇది ఒక్కటి తెలిసి ఉంటే నా సాయంత్రం మిగిలేది. జాక్‌లో 1024 నమూనాల చొప్పున రెండు విడతలు పెట్టుకుంటే, 44,100 రేటుకు, మీట నొక్కిన 46 మిల్లీసెకన్లకు గాని మోగదు. 128కి దించితే ఆరుకు లోపే. చేత్తో మీటలు నొక్కి రాసుకునేవారు ఇది తప్పక దించుకోవాలి.

ఇక రికార్డింగు. పద్నాలుగు రకాల దెబ్బలు, ఒక్కొక్కటి నాలుగు బలాలలో, మొత్తం 56 ఫైళ్ళు. హైడ్రోజన్‌లో ఒకే వాయిద్యానికి బలాన్ని బట్టి పొరలు పెట్టవచ్చు. మెల్లగా అడిగితే మెల్లగా కొట్టిన దెబ్బ, గట్టిగా అడిగితే గట్టిగా కొట్టినది పలుకుతుంది. ఒక్క ఫైలునే శబ్దం పెంచి తగ్గించి సరిపెట్టుకునేవారిని చూశాను. అది మృదంగం కాదు, మృదంగం బొమ్మ. శ్రుతి మార్చే విషయంలోనూ ఇంతే. మన వాయిద్యపు కుడి మూతకు నిర్దిష్టమైన శ్రుతి ఉంటుంది. మధ్యనున్న నల్లని పూత వల్ల దాని అనుస్వరాలు తంత్రీవాద్యంలో వలె పొందికగా పలుకుతాయని సి.వి. రామన్ 1920లోనే "నేచర్" పత్రికలో రాశారు. అలాంటి నాదాన్ని సాఫ్టువేరులో మూడు మెట్లు పైకి జరిపితే దెబ్బ నిడివి కూడా ఆరో వంతు కుదించుకుపోయి పిల్లల ఆటవస్తువులా మోగుతుంది. ఎన్ని శ్రుతులు కావాలో అన్నిసార్లు వాయించి రికార్డు చేయవలసిందే. మేము ఒక్క శ్రుతికే చేయగలిగాము. రెండవ శ్రుతికి ఆయన మణికట్టు ఒప్పుకోలేదు.

ఇంత చేసి, ఖండగతిలో ఆయన చెప్పిన ఒక చిన్న పాఠాన్ని రోజ్‌గార్డెన్‌లో రాసి, అమెరికాలో ఉన్న ఆయన మనుమడికి మిడి ఫైలుగా పంపాను. మర్నాడు ఫోను. "బాబాయ్, తాతగారి పాఠమన్నావు. ఇదేమిటి, సినిమాలో ఫైటింగులా ఉంది?"

వాడి తప్పేమీ లేదు. హైడ్రోజన్ తన వాయిద్యాలకు వరుసగా 36వ అంకె నుంచి సంఖ్యలు ఇచ్చుకుంటుంది. నా పట్టికలో నాలుగవదైన "నం" 39వ అంకె అయింది, పద్నాలుగవదైన గుమికి 49 అయింది. వాడి కంప్యూటరు మాత్రం 1991లో వెలువడిన జనరల్ మిడి ఒడంబడికను అనుసరించి ఆ అంకెలను చదివింది. అందులో 39 అంటే చప్పట్లు, 49 అంటే క్రాష్ సింబల్. పెదనాన్నగారు బొటనవేలి మొదలుతో ఎడమ మూతను ఒత్తి జార్చిన ప్రతి గుమికికీ అక్కడ కంచు పళ్ళెం బద్దలైంది.

ఈ అనుభవం మనకు కొత్తదేమీ కాదు. పత్రికకొక ఖతి ఉన్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవారు. ఖతి ఉంటే తెలుగు, లేకుంటే పిచ్చిగీతలు. "ముందుగా ఈ ఖతిని దించుకోండి" అన్న గమనిక లేని తెలుగు పుట ఉండేది కాదు. ఆ చీకటినుంచి మనల్ని బయటపడేసినది అందమైన ఖతి కాదు, 0C00 నుంచి 0C7F వరకు మనకంటూ కేటాయించిన అంకెల వరుస. ఆ యూనికోడ్ తొలి రూపం వచ్చిందీ 1991లోనే. ఒకే సంవత్సరంలో అక్షరాలకు మనం ఆ పట్టికలోకి ఎక్కాము, దరువులకు ఈ పట్టికలోకి ఎక్కలేదు. జనరల్ మిడి తాళవాద్యాల వరుసలో 35 నుంచి 81 వరకు 47 ధ్వనులున్నాయి. బొంగోలు, కాంగాలు, మరాకాలు, రెండు రకాల ఈలలు సైతం ఉన్నాయి. మృదంగం లేదు, తబలా లేదు, డోలు లేదు, డప్పు లేదు. స్వరవాద్యాల 128లో సితారు 105వది, షెహనాయి 112వది. వాటి పక్కన వాయించేవాడిని మరచిపోయారు.

మార్కెట్టులో మృదంగం ధ్వనులు దొరుకుతున్నాయి కదా, కొనుక్కోవచ్చు కదా అని మిత్రుడొకరు అన్నారు. దొరుకుతున్నాయి, కొన్ని చాలా బాగున్నాయి కూడా. అయితే అవన్నీ ఖతులే. ఒకదానిలో రాసిన పాఠం ఇంకొకదానిలో చదవరాదు. 2020లో వచ్చిన మిడి 2.0లో ఒక్కొక్క స్వరాన్ని విడిగా జార్చే వీలుంది, గుమికికి అది వరమే. కాని ఏది గుమికి అన్నది ఆ ప్రమాణమూ చెప్పదు. అది విద్వాంసులు కూర్చుని తేల్చవలసిన మాట. నాబోటివారు ఒంటరిగా 36వ అంకె నుంచి అడ్డదిడ్డంగా నింపుకుంటూ పోతే మళ్ళీ "ఈ ఖతిని దించుకోండి" దగ్గరికే చేరుతాము. ధ్వనులు పోగుచేయడం కన్నా ముందు పట్టిక ఒప్పుకోవాలన్నది నా వాదన. అది సాఫ్టువేరు పని కాదు, డబ్బు పని అంతకన్నా కాదు. నలుగురు వాయించేవారు ఒకచోట కూర్చోవాలి.

నలుగురు కూర్చుంటే ఏమవుతుందో నాకు కొంత తెలుసు, ఇద్దరమే కూర్చుని తేల్చుకోలేకపోయాము కనుక. రెండు చేతులూ ఒక్కసారి పడే "ధీం" ఉంది. దానికి విడిగా అంకె అక్కరలేదని నా పక్షం. "క్ష"కు యూనికోడ్‌లో సొంత గడి లేదు. క, పొల్లు, ష కలిస్తే వస్తుంది. అలాగే కుడిదొకటి, ఎడమదొకటి ఒకే క్షణాన పిలిస్తే సరిపోతుంది. పెదనాన్నగారు ఒప్పుకోలేదు. రెండు మూతల మధ్యా ఉన్నది ఒకే గాలి, ఒకటి మోగుతుంటే రెండోది వేరుగా పలుకుతుంది, విడివిడిగా పట్టి అతికితే అది ధీం కాదు అన్నారు. రెండు విధాలా చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించాను. మూడుసార్లూ సరిగ్గా పట్టుకున్నారు.

నా పట్టికలో ఇప్పుడు పదిహేను దెబ్బలున్నాయి. మనుమడికి ఈసారి ధ్వనుల మూట కూడా కలిపి పంపాను, "ముందుగా దీన్ని దించుకో" అన్న గమనికతో.