ఇంజనుకి రివెట్లు లెక్కపెడతారు, కాలువకి మాత్రం లెక్కే లేదా?

మన ట్రెయిన్ సిమ్యులేటర్ వీరుల తీరు విచిత్రంగా ఉంటుంది. వ్యాప్-7 ముఖం మీద గీత ఎంత మందం ఉండాలి, పాత ఆల్కో డీజిల్ పొగ ఎంత నల్లగా రావాలి అని రాత్రి రెండింటిదాకా వాదించుకుంటారు. తప్పులేదు, వాదించుకోండి. కానీ ఆ ఇంజన్ని నడిపే దారి సంగతేంటి? బల్లపరుపు నేల మీద పచ్చరంగు పూసి, నాలుగు తాటిచెట్లు పాతి "రియలిస్టిక్ రూట్" అని పేరు పెట్టేస్తారు. వాగుండదు. తూముండదు. పట్టాల పక్కన సైడు కాలువ అసలే ఉండదు. ఎక్కడైనా నది తప్పనిసరైతే స్విమ్మింగ్ పూల్ రంగులో ఒక నీలం పట్టీ!

అడిగితే జవాబు రెడీగా ఉంటుంది: "వంద స్పీడులో పోతుంటే మురిక్కాలువని ఎవడు చూస్తాడు బాస్? ఫ్రేమ్ రేట్ దండగ."

సరే, ముందు ఆ ఫ్రేమ్ రేట్ లెక్కే తేల్చుకుందాం. మట్టి కాలువ ముక్క అంటే రెండు గట్లు, రెండు వాలులు, ఒక అడుగుభాగం. ఐదు ముఖాలు, పది త్రిభుజాలు. పాతిక మీటర్ల ముక్క చొప్పున కిలోమీటరుకి నలభై ముక్కలు, అంటే నాలుగు వందల త్రిభుజాలు. మీ ఇంజను నెత్తిన పాంటోగ్రాఫ్ ఒక్కదానికే అంతకన్నా ఎక్కువ తగలేసి ఉంటారు.

అసలు ఇబ్బంది వేరే. 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్‌లో నేల 2048 మీటర్ల పలకలుగా ఉంటుంది, ఎత్తు చెప్పే బిందువులు 8 మీటర్లకొకటి. ఆ రూట్లనే నడిపే ఓపెన్ రైల్స్‌కీ ఇదే వారసత్వం. మీటరున్నర కాలువ ఆ వలలోంచి జారిపోతుంది. నేలనే తవ్వుదామని ఒక్క బిందువు కిందికి లాగితే పదహారు మీటర్ల గొయ్యి పడుతుంది. అందుకని నేలని కాస్తే దించి, కాలువని విడి మోడల్‌గా చేసి పైన పరిచి, వెడల్పాటి గట్లతో ఆ గొయ్యి అంచులు కప్పెయ్యాలి. అడుగు మట్టం కంటి అంచనాతో పెట్టకూడదు, దిగువ తూము నుంచి వెనక్కి లెక్కగట్టాలి. నీళ్ళు ఎగువకి పారవు కదా! ఇక రంగంటారా, మే నెలలో ఇసుక, తుమ్మపొదలు. ఆగస్టులో ఎర్రమట్టి నీళ్ళు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియా దిగువనైతే నల్లనీళ్ళు, నురగ, పాలిథిన్ కవర్లు. నీలం ఎక్కడుంది చెప్పండి?

ఇప్పుడు అసలు మాటకొస్తాను. రైలు కట్ట అంత ఎత్తులో ఎందుకుందో, కటింగ్‌లో రెండువైపులా కాలువలెందుకో చెప్పేది నీళ్ళే. మేడిపల్లినే తీసుకోండి. ఉత్తరాన మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్ మీదుగా కాజీపేట వెళ్ళే లైను. దక్షిణాన మూసీ. లైను తూర్పుకి పోతుంది, నీళ్ళు మొత్తమ్మీద మూసీకి దిగుతాయి. అంటే కట్ట నీటి దారికి అడ్డం. తూము పెట్టకపోతే అది రైలు కట్ట కాదు, చెరువు కట్ట.

ఇదేదో అందచందాల గొడవ అనుకోకండి. ఘట్‌కేసర్ దాటాక బీబీనగర్‌లో నడికుడి లైను చీలుతుంది. 2005 అక్టోబర్ 29న ఆ లైన్లో వలిగొండ దగ్గర, ఎగువ చెరువు తెగి వచ్చిన వరదకి ఒక చిన్న వంతెన కొట్టుకుపోయి, డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ అందులో పడింది. వందమందికి పైగా పోయారు. అది కృష్ణా కాదు, గోదావరీ కాదు. మీరు గీయడానికి బద్ధకించే సైజు వాగు. 2024 సెప్టెంబర్ 1న ఇదే కాజీపేట లైన్లో వరంగల్ దాటాక, కేసముద్రం–ఇంటికన్నె మధ్య కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. వానాకాలం రాత్రిళ్ళు పట్టాల వెంట నడిచే పెట్రోల్‌మన్ చూసేది ఇంజను రంగుని కాదు, తూము దగ్గర నీటి మట్టాన్ని.

కాలువ లేని బొమ్మకి మన కళ్ళు ఎంత అలవాటు పడ్డాయంటే, లేఅవుట్ బ్రోచర్ చూసినా అనుమానం రాదు. అది కూడా అచ్చం మన సీనరీనే: చదును నేల, పచ్చరంగు, వరసగా చెట్లు. నాలా కనపడదు. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వానలకే రామంతాపూర్, హబ్సిగూడ కాలనీల్లోకి నీళ్ళొచ్చాయి. అవేమీ దారి తప్పి రాలేదు, తమ పాత దారి వెతుక్కుంటూ వచ్చాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 మీటర్లకన్నా వెడల్పున్న నాలాకి 9 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 2 మీటర్లు వదిలి కట్టాలి. పోచారం ఆఫీసు దగ్గరని మేడిపల్లి వైపు ప్లాట్లు కొనే మన ఐటీ జనంలో ఈ మాట అడిగేదెవరు? వాస్తు అడుగుతారు, రోడ్డు ఎన్నడుగులో అడుగుతారు. నీళ్ళెటు పోతాయని అడగరు.

సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ ముందేసుకుని ఒక్క కిలోమీటరు కాలువని తూముతో సహా గీసి చూడండి. ఆ ప్రశ్న దానంతటదే పుడుతుంది. పాత షీటులో ఉన్న ఈ నీలం గీత ఇప్పుడేమైంది? దాని మీద ఎవరి ఇల్లుంది? వ్యాప్-7కి పదో రకం రంగు వేసినవాడికి ఆ సందేహం జన్మలో రాదు.

కాబట్టి ఇంజన్లు ఇక చాలు. ముందు తూములు పెట్టండి.