ప్రతిభ ఒక్కటే చాలునా?

క్రీడలు దేహానికి దారుఢ్యాన్ని, మనసుకు క్రమశిక్షణను ఇస్తాయని చిన్ననాటి నుండి చదువుకుంటున్నాం. గెలుపోటములను సమభావంతో స్వీకరించడాన్ని క్రీడాస్ఫూర్తి అంటున్నాం. అయితే ఆ స్ఫూర్తి మైదానపు సరిహద్దు గీత వద్దనే ఆగిపోవాలా? ఆటలో మేటి అయిన వ్యక్తిపై మైదానం వెలుపలి ప్రవర్తనను గురించి తీవ్రమైన ఆరోపణ వచ్చినప్పుడు అతనిని జట్టులోకి తీసుకోవచ్చునా? కోట్ల రూపాయలతో ఆటగాళ్లను కొనుగోలు చేస్తున్న ఈ కాలంలో ఈ ప్రశ్న ఫుట్‌బాల్ క్లబ్బులకూ, క్రికెట్ జట్లకూ, చివరకు మన కళాశాల జట్లకూ ఎదురవుతున్నది.

పుంగనూరు ఆవులకు పుట్టినిల్లయిన చిత్తూరు సీమలో పాడి విలువ తెలియనివారు ఉండరు. 'పాలిచ్చే ఆవు తన్నినా ఓర్చుకోవాలి' అనే సామెత పాడి రైతు అనుభవం నుండి పుట్టినదే. జట్ల యజమానులు కూడా గొప్ప ఆటగాళ్ల విషయంలో ఈ నీతినే ఆశ్రయిస్తుంటారు. కాని రైతుకూ వారికీ ఒక భేదం ఉన్నది. పాలు పిండుకొనే రైతే ఆ తన్నునూ భరిస్తాడు. క్రీడారంగంలో పాలు యజమాని పాత్రలో పడతాయి. తన్ను మాత్రం మరెవరికో తగులుతుంది. దెబ్బ తిన్నవారిని అడగకుండా వారి తరఫున ఓర్పు వహించే హక్కు యజమానికి ఎక్కడిది?

స్కాట్లండ్‌లో జరిగిన ఒక సంఘటన ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. 2022 జనవరిలో రైత్ రోవర్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు డేవిడ్ గుడ్‌విల్లీ అనే ఆటగాడిని చేర్చుకున్నది. అతడు అత్యాచారానికి పాల్పడినట్లు 2017లో సివిల్ న్యాయస్థానం నిర్ధారించి, బాధితురాలికి నష్టపరిహారం చెల్లించవలసిందిగా ఆదేశించింది. క్రిమినల్ విచారణ మాత్రం జరగలేదు. ఇది కేవలం ఆటకు సంబంధించిన నిర్ణయమని క్లబ్బు మొదట సమర్థించుకున్నది. వెంటనే మహిళా జట్టు నాయకురాలు టైలర్ రాట్రే క్లబ్బును విడిచిపెట్టింది. చిరకాల అభిమాని, ప్రసిద్ధ రచయిత్రి వాల్ మెక్‌డెర్మిడ్ తాను అందిస్తున్న ఆర్థిక సహాయాన్ని ఉపసంహరించుకున్నది. కొద్ది రోజులలోనే క్లబ్బు క్షమాపణ చెప్పి, అతనిని ఆడించబోమని ప్రకటించింది. ఒక్క గోల్ వీరుని కోసం ఎందరి విశ్వాసాన్ని పణంగా పెట్టవలసి వస్తుందో ఆ క్లబ్బు ఆలస్యంగా గ్రహించింది.

అట్లని తప్పు చేసిన ప్రతివాడినీ శాశ్వతంగా వెలివేయాలని చెప్పడం న్యాయం కాదు. దక్షిణాఫ్రికా ఆటగాడు హెర్షెల్ గిబ్స్ 2000లో కెప్టెన్ హాన్సీ క్రోనే ద్వారా వచ్చిన డబ్బు ప్రతిపాదనకు అంగీకరించినట్లు విచారణ సంఘం ఎదుట ఒప్పుకొని, ఆరు నెలల నిషేధాన్ని అనుభవించాడు. 2008లో హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ అతనిని తీసుకున్నది. 2009లో జొహాన్నెస్‌బర్గ్‌లో జరిగిన తుదిపోటీలో అతడు అజేయంగా 53 పరుగులు చేసి, జట్టు విజేతగా నిలవడానికి తోడ్పడ్డాడు. ఇక్కడ తప్పును ఒప్పుకోవడం ఉన్నది, శిక్ష ఉన్నది, ఆ తరువాతనే పునరాగమనం ఉన్నది. ఈ క్రమమే అతని రాకకు న్యాయాన్ని చేకూర్చింది.

శిక్ష తప్పుకు తగినదిగా ఉండాలి. 2019 జనవరిలో ఒక టెలివిజన్ కార్యక్రమంలో స్త్రీలను గురించి చేసిన వ్యాఖ్యల కారణంగా హార్దిక్ పాండ్య, కె.ఎల్. రాహుల్‌లను క్రికెట్ బోర్డు ఆస్ట్రేలియా పర్యటన నుండి వెనుకకు రప్పించింది. ఆ నెలలోనే సస్పెన్షన్ తొలగినా విచారణ ఆగలేదు. ఏప్రిల్‌లో ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయల జరిమానా పడింది. నోటి దురుసుకు జీవితకాల బహిష్కరణ విధించలేదు; తారలు కదా అని వదిలిపెట్టనూ లేదు.

'నిప్పు లేనిదే పొగ రాదు' అనే మాట రచ్చబండపై చెల్లవచ్చును గాని న్యాయస్థానంలో చెల్లదు. హైదరాబాద్‌కు చెందిన మహమ్మద్ అజారుద్దీన్‌పై మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలతో 2000 డిసెంబరులో జీవితకాల నిషేధం పడింది. ఆ నిషేధం చట్టరీత్యా చెల్లదని ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానం తీర్పు చెప్పేనాటికి 2012 నవంబరు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 49 ఏళ్లు. ఆడిన టెస్టుల సంఖ్య 99 వద్దనే నిలిచిపోయింది. విచారణ సక్రమంగా, సత్వరంగా జరగకపోతే ఆరోపించినవారికీ, ఆరోపణకు గురైనవారికీ కూడా న్యాయం దక్కదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

మరి తీర్పు వచ్చేవరకు జట్టు ఏమి చేయాలి? నేరం రుజువు కానంతవరకు ఆటగాడి జీవనోపాధిని దెబ్బతీయరాదని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో బలం లేకపోలేదు. అయితే శిక్షించడం వేరు, సత్కరించడం వేరు. ఒకరిని చెరసాలకు పంపడానికి న్యాయస్థానపు రుజువు కావాలి. కొత్తగా జట్టులో చేర్చుకొని, పూలమాల వేసి, పిల్లలకు ఆదర్శంగా నిలబెట్టడానికి అంతకంటె ఎక్కువ జాగ్రత్త కావాలి. విచారణ ముగిసేవరకు వేచి ఉండడం శిక్ష కాదు, వివేకం.

ఇందుకు మార్గం చట్టంలోనే ఉన్నది. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించే 2013 నాటి చట్టం క్రీడాసంస్థలను, క్రీడామైదానాలను కూడా పనిచేసే చోట్లుగానే పరిగణిస్తుంది. విచారణను 90 రోజులలో పూర్తి చేయాలని నిర్దేశిస్తుంది. దురుద్దేశంతో చేసిన తప్పుడు ఫిర్యాదుపై చర్యకూ అవకాశం కల్పిస్తుంది. ఇరువైపులా రక్షణ ఉన్న ఈ విధానాన్ని పాటించకపోవడానికి, కీలకమైన పోటీ దగ్గర పడిందన్నది కారణం కారాదు.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం వెలసిన తిరుపతి నగరానికి చిత్తూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాల పల్లెల నుండి ఎందరో బాలికలు చదువుకోసం వస్తారు. వారిలో ఒక బాలిక, కళాశాల జట్టులోని మేటి ఆటగాడు తనను వేధిస్తున్నాడని ఫిర్యాదు చేసినదని ఊహించండి. 'వచ్చే వారం పోటీలున్నాయి, అవి ముగియనీ' అని పెద్దలు అన్నారనుకోండి. అతడు ఆడతాడు, జట్టు గెలుస్తుంది, చప్పట్లు మోగుతాయి. ఆట నుండి తప్పుకొనేది ఆ బాలిక. ఆమెను చూసి మరో నలుగురు తల్లిదండ్రులు తమ బిడ్డలను మైదానానికి పంపడం మానుకుంటారు. ఆ నష్టం ఏ పట్టికలోనూ కనిపించదు.

కనుక జట్టును ఎంపిక చేసేవారు తమను తాము ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇదే ఆరోపణ పన్నెండవ ఆటగాడిపై వచ్చి ఉంటే మనం ఏమి చేసేవారం? సామాన్యునికి ఒక నీతి, మేటి ఆటగాడికి మరొక నీతి వర్తింపజేస్తే అది ప్రతిభను గౌరవించడం కాదు, లాభానికి తలవంచడం. ఓడిన పోటీ మరుసటి ఏడు మళ్లీ వస్తుంది. పోయిన నమ్మకం అంత సులభంగా తిరిగి రాదు. గెలుపు ఎంత ప్రియమైనదైనా, దాని వెల మరొకరి కన్నీరు కారాదని యువత గ్రహించాలి.